మీ ఊరి పేరు గట్టిగా చెప్పండి

(ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం నాడు, కోనసీమ కాలేజీల్లో చదువుతున్న కొద్దిమంది ఆదివాసీ విద్యార్థులు ముక్తేశ్వరంలో కలుసుకున్నప్పుడు డిగ్రీ మూడో సంవత్సరం విద్యార్థి ఒకరు మాట్లాడిన మాటలివి. రాలేకపోయిన మిత్రుల కోసం ఇక్కడ పెడుతున్నాం.)



మైకు లేదు కాబట్టి వెనక కూర్చున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కొంచెం ముందుకు రండి. నాకు ఉపన్యాసాలు రావు. ఏం మాట్లాడమంటారని అడిగితే, "నీ కాలేజీ గురించి చెప్పు, కొత్తగా వచ్చినోళ్ళకి పనికొస్తది" అన్నారు అన్నలు. అందుకే క్లాసులు, ఆటలు, స్నేహాలు, వీటి గురించే చెప్తాను. గొప్ప విషయాలేం లేవు. కానీ మొదటి సంవత్సరంలో ఈ మాటలు నాకెవరన్నా చెప్పి ఉంటే రెండేళ్ళు తక్కువ బాధపడేవాణ్ణి.

మాది కూనవరం. శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు. ఊరి చివర మా కోయగూడెం. ఇక్కడికి రావాలంటే తెల్లారకముందే బయల్దేరాలి. చింతూరు, మారేడుమిల్లి ఘాట్ రోడ్డు, రంపచోడవరం, గోకవరం, రాజమండ్రి. అక్కడ బస్సు మారి ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి గౌతమి దాటితే ముక్తేశ్వరం. మొదటిసారి నన్ను దింపడానికి వచ్చినప్పుడు మా నాన్న పంటు మీద నిలబడి నీళ్ళకేసి చూసి, "ఇవి మన ఊరి మీదుగా వచ్చిన నీళ్ళేరా" అన్నాడు. నాకప్పుడు నవ్వొచ్చింది. ఏ నీళ్ళైతే ఏంది అనుకున్నాను.

కాలేజీ మొదటి రోజు అందరూ లేచి పేరు, ఊరు చెప్తున్నారు. అంబాజీపేట, అయినవిల్లి, పి.గన్నవరం, కొత్తపేట, రావులపాలెం. నా వంతు దగ్గరపడేకొద్దీ చేతులకి చెమటలు. లేచి నా పేరు చెప్పి, ఊరు "రాజమండ్రి" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. నన్నెవరూ అప్పటికి ఒక్క మాట అనలేదు. కానీ కూనవరం అంటే ఎక్కడ అంటారు, ఏజెన్సీ అంటే అడవిలో ఉంటారా అంటారు, ఎస్టీ అంటే నీకేంరా సీటు ఊరికే వస్తుంది అంటారు. ఇవన్నీ వాళ్ళు అనకముందే నేనే నా బుర్రలో అనేసుకున్నాను. నేను తలెత్తకుండా ఉండటానికి నా భయమే సరిపోయింది.

అబద్ధానికి రోజూ మేత వెయ్యాలి. రాజమండ్రిలో ఎక్కడ అని అడిగారు. నాకు తెలిసింది నేను బస్సు మారే చోటు ఒక్కటే. "గోకవరం బస్టాండు దగ్గర" అన్నాను. నోట్లోంచి "ఏంది" అని వస్తే చటుక్కున "ఏంటి" అని దిద్దుకునేవాణ్ణి. అమ్మ ఫోన్ చేస్తే గదిలో మాట్లాడకుండా డాబా మీదికి పోయి, గొంతు తగ్గించి కోయలో మాట్లాడేవాణ్ణి. ఒకసారి అమ్మ, "ఎందుకురా దొంగలాగా మాట్లాడతన్నావు" అని అడిగింది. సిగ్నల్ లేదమ్మా అన్నాను. అది ఇంకో అబద్ధం.

ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్ళు ఒక ప్రశ్న తప్పకుండా వింటారు. గది అద్దెకి అడిగినా, పెళ్ళి భోజనంలో కూర్చున్నా, "మీరేమిట్లు బాబూ?" అంటారు. మర్యాదగానే అడుగుతారు. అర్థం మాత్రం మీ కులమేంటి అని. మన దగ్గర కూడా కొత్త మనిషి వస్తే అడుగుతాం కదా, ఏ గట్టు అని. మూడో గట్టా, ఐదో గట్టా, ఏడో గట్టా అని. అది ఎవరు మనకి అన్నదమ్ములవుతారు, ఎవరు బావమరుదులవుతారు అని తెలుసుకోవడానికి. నీళ్ళు ఏ గ్లాసులో ఇవ్వాలో తెలుసుకోవడానికి కాదు. ఈ రెండు ప్రశ్నలకీ ఉన్న తేడా నాకు ఇక్కడికొచ్చాకే అర్థమైంది.

ఇక స్నేహం సంగతి. నాకు ఇక్కడ మొదటి స్నేహితుణ్ణి ఇచ్చింది వాలీబాల్. మన గూడేల్లో రెండు వెదురు బొంగులు, ఒక నెట్టు ఉంటే చాలు, సాయంత్రం ఊరంతా అక్కడే ఉంటది. కాలేజీ గ్రౌండులో ఒకరోజు ఒకడు తక్కువయ్యాడని నన్ను పిలిచారు. ఆ రోజు నా సర్వీసు వాళ్ళెవరూ ఎత్తలేకపోయారు. మర్నాటి నుంచి నాకోసం గది దగ్గరికి వచ్చి పిలిచేవాడు ఒకడు. అయినవిల్లి మండలంలో లంక ఊరు వాడిది. మాల కుటుంబం. ఆ మాట వాడే చెప్పాడు, నేను అడగలేదు. "ముందే చెప్తే తర్వాత బాధ ఉండదు గదరా" అన్నాడు నవ్వుతూ. నాకు అక్కడే గుచ్చుకుంది. వాడు ముందే చెప్పాడు. నేను ఇంకా గోకవరం బస్టాండు దగ్గరే ఉన్నాను.

ఆ ఏడాది వానాకాలం గోదావరి పెరిగి పంటు ఆపేశారు. మేమిద్దరం రేవు గట్టు మీద కూర్చున్నాం. వాడు 2022 జూలై వరద గురించి చెప్తున్నాడు. ఎదురుబిడియం కాజ్‌వే మునిగిపోయి పడవల మీద తిరిగారట. ఇంట్లో మొలలోతు నీళ్ళు. వాళ్ళమ్మ బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని గట్టు మీదికి వచ్చిందట. పుస్తకాలన్నీ పోయాయట.

నేను విని ఊరుకోలేకపోయాను. ఆ జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు వచ్చింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. 1986 తర్వాత అంత వరద మళ్ళీ అప్పుడే. మా ఊరు మొత్తం గుట్టెక్కాం. పట్టాలు కట్టుకుని, మేకలతో, ముసలోళ్ళతో, చిన్నపిల్లలతో గుట్ట మీద ఉన్నాం. వెనక్కి దిగేసరికి మా ఇంట్లో గోడలు లేవు, బురద ఉంది. నా టెన్త్ మెమో ఆ బురదలోనే పోయింది. ఇదంతా వాడికి చెప్పేశాను.

వాడు నా మొహంలోకి చూసి, "రాజమండ్రిలో గుట్టెక్కడుందిరా?" అన్నాడు.

అప్పుడు చెప్పాను. కూనవరం అని, కోయవాణ్ణని, అబద్ధమాడానని. వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అయితే మీ ఇల్లు ముంచిన నీళ్ళే ఒకట్రెండు రోజులకి మా ఇంటికొచ్చాయన్నమాట. ముందే ఫోన్ చెయ్యొచ్చు గదరా" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. మా నాన్న పంటు మీద అన్న మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది. కోయలో నీళ్ళని 'ఏర్' అంటాం. తెలుగులో ఏరు అంటే పారే వాగు. మాట కూడా నీళ్ళతోపాటే పైనుంచి కిందికి వచ్చినట్టుంది.

వాడు నాకింకో సంగతి చెప్పాడు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామంటే మే 24న అమలాపురం తగలబడింది. ఇళ్ళు కాలిపోయాయి, రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. "ఒక్క పేరు కోసం అంత జరిగిందిరా. పేరు అంటే ఉత్త మాట అయితే వాళ్ళెందుకు తగలబెడతారు? నీకు ఊరు ఉంది, పేరు ఉంది, చెప్పుకోడానికేంట్రా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇది చెప్పాలా వద్దా అని రాత్రంతా ఆలోచించాను. మా క్లాసులో ఒకమ్మాయి అంటే నాకు ఇష్టం ఉండేది. నోట్స్ ఇచ్చిపుచ్చుకునేవాళ్ళం. పరీక్షల ముందు అయినవిల్లి వినాయకుడి గుడిలో పూజ చేసిన పెన్నులు పంచుతారు కదా, నాకోసం కూడా ఒకటి తెచ్చింది. రాజమండ్రి గురించి ఆ అమ్మాయి ఏదో ఒకటి అడిగేది, నేను ఏదో ఒకటి అల్లేవాణ్ణి. రెండో సంవత్సరంలో స్కాలర్‌షిప్ జాబితా నోటీసు బోర్డు మీద పెట్టారు. అందులో నా పేరు, పక్కన ఎస్టీ, మండలం కూనవరం. తను చూసింది. నన్ను పిలిచి ఒక్కటే మాట అంది. "నువ్వు ఎక్కడివాడివైనా నాకేం కాదు. ఏడాదిగా అడుగుతుంటే అబద్ధం చెప్పావు చూడు, అదే బాధగా ఉంది." అంతే. ఇప్పటికీ ఎదురైతే పలకరిస్తది. కానీ ఆ పాత మాట మళ్ళీ కలవలేదు.

నన్ను కులం చూసి వదిలేస్తారని భయపడి దాచుకున్నాను. చివరికి దాచుకున్నందుకే దూరమైంది. నిజం చెప్పి ఉంటే ఏమయ్యేదో నాకు తెలీదు. కనీసం తప్పు నాది కాకపోయేది.

చెల్లెళ్ళకి, తమ్ముళ్ళకి నేను చెప్పేది ఇదే. ప్రేమ వద్దనను, ఎవరూ ఎవరికీ వద్దని చెప్పలేరు. కానీ మీరెవరో దాచి ప్రేమించొద్దు. అవతలివాళ్ళని కూడా ముందే అడగండి, మా ఊరికి వస్తావా, మా అమ్మానాన్నల పక్కన కూర్చుని తింటావా అని. ఏజెన్సీలో మన అక్కల్ని పెళ్ళి చేసుకుని, 1/70 చట్టం ఉంది కాబట్టి ఆమె పేరు మీద భూమి రాయించుకుని, అనుభవించేది మాత్రం తామే అయినవాళ్ళని మనందరం చూశాం. మనిషి కోసం వచ్చాడా, పట్టా కోసం వచ్చాడా అని అడగడం తప్పు కాదు.

ఇప్పుడు క్లాసు సంగతికి వస్తాను. నేను ఈరోజు మాట్లాడటానికి ఒప్పుకున్నది దీని కోసమే.

రెండో సంవత్సరం చివర్లో ఒక సార్ పోలవరం గురించి చెప్తున్నారు. 7 లక్షల ఎకరాలకి పైగా కొత్త ఆయకట్టు, 960 మెగావాట్ల కరెంటు, కృష్ణా డెల్టాకి 80 టీఎంసీలు, విశాఖకి తాగునీళ్ళు. 2014 విభజన చట్టంలోనే జాతీయ ప్రాజెక్టు అన్నారు. బోర్డు నిండా అంకెలు. అందరూ రాసుకుంటున్నారు. నేనూ రాసుకుంటున్నాను. మార్కులొచ్చే ప్రశ్న కదా. రాస్తూ రాస్తూ నా చెయ్యి ఆగిపోయింది. బోర్డు మీద అన్ని అంకెలున్నాయి, మేం లేము.

లేచి అడిగాను. "సార్, ఎంతమంది ఊళ్ళు ఖాళీ చెయ్యాలి?"

సార్ తిరిగి చూశారు. వెనక బెంచీలోంచి ఒకడు, "ప్యాకేజీ ఇస్తారుగా" అన్నాడు. "ప్యాకేజీలో ఇల్లు ఉంటది. ఇప్పచెట్టు ఉండదు. మేం చేపలు పట్టే రేవు ఉండదు. మా దేవుడి గుట్ట ఉండదు" అన్నాను. గొంతు వణికింది. "నీకెలా తెలుసు?" అన్నాడు వాడు. అప్పుడు ఆ క్లాసులో, ఆ మాట మొదటి రోజే చెప్పాల్సింది, రెండేళ్ళు ఆలస్యంగా చెప్పాను. "మాది కూనవరం. ముంపు మండలం."

క్లాసంతా నిశ్శబ్దం. నా లంక స్నేహితుడు మాత్రం బల్ల మీద చేత్తో ఒకసారి కొట్టాడు.

సార్ కోప్పడలేదు. రేపటి క్లాసులో పది నిమిషాలు నువ్వు చెప్పు అన్నారు. ఆ రాత్రి నిద్రపోలేదు. మర్నాడు చెప్పాను. ప్రభుత్వం లెక్క ప్రకారమే లక్షకి పైగా కుటుంబాలు కదలాలని, అందులో సగానికి పైగా ఎవరో చూస్తే కోయలు, కొండరెడ్లు కనిపిస్తారని. మా తాత ఊరు దాటి ఎక్కడికీ పోలేదు, కానీ 2022 నాటికి ఆయన జిల్లా మూడుసార్లు మారింది. పుట్టినప్పుడు తూర్పు గోదావరి. 1959లో ఖమ్మం. 2014లో ముంపు మండలాల్ని ఆంధ్రాలో కలిపితే మళ్ళీ తూర్పు గోదావరి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. ఒక్కసారి కూడా ఆయన్ని అడిగినోళ్ళు లేరు. షెడ్యూల్డ్ ఏరియాలో ఉంటే మన భూమికి ఒక రక్షణ ఉంటది. ఆ హద్దు దాటించి మైదానంలో కాలనీ కట్టిస్తే ఆ రక్షణ మనతోపాటు బండెక్కి రాదు. ఇదీ చెప్పాను.

ఒక మాట నిజాయితీగా ఒప్పుకున్నాను కూడా. నేను మెస్సులో తినే అన్నం ఈ డెల్టాలో పండింది. 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేసిన ధవళేశ్వరం ఆనకట్ట లేకపోతే ఈ కాలవలు లేవు. ఇక్కడివాళ్ళు కాటన్ దొర విగ్రహానికి దండ ఎందుకు వేస్తారో నాకు అర్థమవుతుంది. మా మీద కోపంతో వాళ్ళు నీళ్ళు అడగడం లేదు. కానీ పాఠం సగమే చెప్తే, ఆ సగం మా ఊరి మీద నుంచి పోతుంది. మిగిలిన సగం చెప్పాల్సింది మేమే.

అయిపోయాక చప్పట్లేం కొట్టలేదు. కొందరికి నచ్చలేదు కూడా. కానీ ఒక అమ్మాయి వచ్చి, "కూనవరం ఎలా వెళ్ళాలి?" అని అడిగింది. రెండేళ్ళుగా నేను భయపడిన ప్రశ్న అదే. అడిగితే ఇంత బాగుంటుందని నాకు తెలీదు.

ఆ తర్వాత ఏడాది వార్షికోత్సవం వచ్చింది. "గిరిజన నృత్యం" ఐటమ్ ఒకటి పెడతాం, నువ్వు నేర్పించు అన్నారు. చూస్తే నడుముకి ఆకులు, మొహాలకి రంగులు, చేతిలో అట్ట బాణాలు సిద్ధం చేశారు. మా అమ్మ చీర కట్టుకుంటది, నేను ప్యాంటేసుకుంటాను, ఈ ఆకులు మీకెవరు చెప్పారండీ అని అడిగాను. తిట్టలేదు. కొమ్ము ఆట వీడియో చూపించాను. తలకి అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు, మెడలో పెద్ద డోలు, పక్కన చేతులు కలిపి అడుగేసే మన ఆడవాళ్ళు. వాళ్ళకి నిజంగా తెలీదు. ఆకులు తీసేశారు. కొమ్ములు మన దగ్గర లేవు కాబట్టి డోలు కొట్టి రేల పాటకి అడుగులు నేర్పించాను. లంకోడే అందరికంటే బాగా వేశాడు.

అప్పటి నుంచి నాకొక అలవాటైంది. సెలవులకి ఇంటికి పోతే మా నాయనమ్మ పక్కన ఫోన్ పెట్టి పాటలు రికార్డు చేస్తున్నాను. పాటతోపాటు గుట్టల పేర్లు, వాగుల పేర్లు, ఏ చెట్టు కింద ఏ పండుగ చేస్తామో, అవీ రాసుకుంటున్నాను. రికార్డు చేస్తుంటే తెలిసింది, నాకు తెలియని పేర్లు ఎన్నో ఉన్నాయని. నీళ్ళు రేపు ఎంతవరకు వస్తాయో నా చేతిలో లేదు. ఆ పేర్లు నీళ్ళకంటే ముందే పోకుండా చూడటం మాత్రం నా చేతిలో ఉంది.

నేను టీచర్ అవుదామని చదువుతున్నాను. మీలో చాలామంది కూడా అంతే అని తెలుసు. షెడ్యూల్డ్ ఏరియాలో టీచర్ పోస్టులు ఆదివాసీలకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. దారి ఇరుకైంది. అయినా చదవాలి. ఎందుకంటే చిన్నప్పుడు నాకు బడిలో మొదట అర్థమైన మాట, కోయ వచ్చిన సారు కోయలో చెప్పిన మాటే. చరిత్రలో అల్లూరి పేరు అందరికీ తెలుసు. 1922లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీదికి ఆయనతో నడిచింది మన్యం మనుషులే. గాం మల్లుదొర తర్వాత 1952లో విశాఖపట్నం నుంచి పార్లమెంటుకి ఎన్నికయ్యాడని మన పిల్లలకి ఎవరు చెప్తారు? మనం బడిలో నిలబడితే మనమే చెప్తాం.

చివరగా, కొత్తగా వచ్చినవాళ్ళకి మూడు మాటలు. ఒకటి, క్లాసులో అర్థం కాకపోతే అడగండి. యాస చూసి నవ్వితే నవ్వనివ్వండి, రెండు వారాలకి వాళ్ళకే విసుగొస్తది. రెండు, గ్రౌండుకి పోండి. గదిలో ఒక్కళ్ళే కూర్చుంటే భయం పెరుగుతది. మూడు, అమ్మ ఫోన్ చేస్తే డాబా మీదికి పోవద్దు. ఉన్నచోటే కోయలో మాట్లాడండి, కొండరెడ్ల తమ్ముళ్ళు మీ యాసలోనే మాట్లాడండి. పక్కవాడు అర్థం అడిగితే చెప్పండి. ఒక మనిషి దగ్గరయ్యేది అక్కడే.

నేను ఇక కూర్చుంటాను. ఇప్పుడు మీరు చెప్పాలి. కిటికీ పక్కనున్న తమ్ముడి నుంచి మొదలుపెడదాం. మండలం పేరు చెప్పి ఆగొద్దు, గూడెం పేరు కూడా చెప్పు. లేచి నిలబడు తమ్ముడూ. గట్టిగా.

జోహార్.